గ్రే కప్ ఒక్కటీ గెలవని మిల్ట్ స్టీగాల్‌ను కెనడా ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ రిసీవర్ అనవచ్చా?

ఎర్రనది (విన్నిపెగ్):

ఈ మధ్య ఇక్కడ విన్నిపెగ్ బ్లూ బాంబర్స్ జట్టు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, గ్రే కప్ ఒక్కసారి కూడా గెలవని మిల్ట్ స్టీగాల్‌ను కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్ చరిత్రలో అత్యుత్తమ రిసీవర్ అనడం ఊరి మీది అభిమానమే తప్ప మరొకటి కాదని ఒక మిత్రులు తేల్చేశారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. నా కారణాలను వివరంగా చెప్పి, మిగిలినవారి అభిప్రాయాలు కూడా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది కోలబంతితో ఆడే ఫుట్‌బాల్. అమెరికా ఆటకు దగ్గరి చుట్టమే అయినా నియమాలు వేరు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని ముందుకు పరుగెత్తి అందుకోవడం రిసీవర్ పని. బంతితో ప్రత్యర్థి ఎండ్ జోన్‌లోకి చేరితే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. గ్రే కప్ అనేది లీగ్ విజేతకు దక్కే బహుమతి. 1909 నుంచి ఇస్తున్నారు.

స్టీగాల్ ఒహాయోలోని సిన్సినాటిలో పుట్టి, అదే రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో ఆడి, 1992 నుంచి మూడేళ్లు అమెరికా లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లోని సిన్సినాటి బెంగాల్స్ జట్టులో ఉన్నాడు. అక్కడ అతనికి రిసీవర్‌గా దక్కిన అవకాశాలు చాలా తక్కువ. 1995లో గ్రీన్ బే జట్టుకు వెళ్లి, మోకాలి గాయంతో అక్కడ నిలవలేక, అదే ఏడాది సీజన్ నడుస్తుండగా విన్నిపెగ్‌కు వచ్చాడు. వచ్చినవాడు 2008 దాకా, మొత్తం 14 సీజన్లు, మరో జట్టు చొక్కా వేసుకోలేదు. 854 క్యాచ్‌లు, 15,153 గజాలు, పాస్‌లు అందుకుని చేసిన టచ్‌డౌన్లు 144, మొత్తం మీద 147. ఈ 147 లీగ్ రికార్డు. రన్నింగ్ బ్యాక్ జార్జ్ రీడ్ 137 టచ్‌డౌన్లతో నెలకొల్పిన రికార్డును మైక్ ప్రింగిల్ సమం చేయగా, దాన్ని దాటింది మాత్రం ఒక రిసీవర్. ఆట మొత్తం బంతిని మోసుకుంటూ పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కంటే, ఒక మ్యాచ్‌లో బంతిని నాలుగైదు సార్లు మాత్రమే ముట్టుకునే మనిషి ఎక్కువ టచ్‌డౌన్లు చేశాడంటే దానికి ఇవ్వవలసిన విలువ మనం ఇవ్వడం లేదని నా బాధ.

ఇక గ్రే కప్ విషయానికి వస్తే, అతను రెండు ఫైనల్స్‌లో ఓడిపోయాడు. 2001లో 14 విజయాలు, 4 ఓటములతో వచ్చిన విన్నిపెగ్, ఓటములే ఎక్కువగా ఉన్న కాల్గరీ చేతిలో 27-19తో ఓడింది. 2007లో తూర్పు విభాగం ఫైనల్లో క్వార్టర్‌బ్యాక్ కెవిన్ గ్లెన్ చెయ్యి విరిగింది. దాంతో అంతకు ముందు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడని రయాన్ డిన్‌విడీ గ్రే కప్‌లో దిగవలసి వచ్చింది. అతను విసిరిన మూడు పాస్‌లను సస్కాచెవాన్ ఆటగాడు జేమ్స్ జాన్సన్ ఒక్కడే పట్టేశాడు. 23-19తో విన్నిపెగ్ ఓడింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా స్టీగాల్ స్థాయిని తగ్గించే ఆధారం ఎలా అవుతుందో ఎవరైనా చెప్పగలిగితే వినాలని ఉంది.

ఫ్రేజర్ తీరం (సర్రే, బ్రిటిష్ కొలంబియా):

ఎర్రనది గారూ, ఆ మాట అన్నది నేనే కాబట్టి సమాధానం చెప్పే బాధ్యత కూడా నాదే. స్టీగాల్ గొప్ప ఆటగాడు కాదని నేను అనలేదు. అత్యుత్తముడు అన్న మాట దగ్గరే నా అభ్యంతరం, ఎందుకంటే ఆ స్థానానికి జెరాయ్ సైమన్ హక్కు అంతకంటే బలమైనది.

సైమన్ 1,029 క్యాచ్‌లు పట్టాడు, 16,352 గజాలు సాధించాడు. గజాల్లో ఇప్పటికీ అదే లీగ్ రికార్డు. స్టీగాల్ పేరున ఉన్నదాన్ని 2012లో దాటాడు. మూడు గ్రే కప్‌లు గెలిచాడు: 2006, 2011 సంవత్సరాల్లో వాంకూవర్ జట్టు బీసీ లయన్స్‌తో, 2013లో సస్కాచెవాన్‌తో. లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ బహుమతిని స్టీగాల్ 2002లో అందుకుంటే, దాన్ని సైమన్ 2006లో అందుకున్నాడు, కాబట్టి ఆ లెక్క సమానమే. ఆ 2006 సీజన్లో అతను 105 క్యాచ్‌లతో 1,856 గజాలు చేసి, చివరికి జట్టుతో కలిసి కప్పు కూడా పట్టుకున్నాడు. ఆ ఫైనల్ జరిగింది మీ విన్నిపెగ్‌లోనే అన్నది కూడా గుర్తు చేస్తున్నాను.

కప్పులు జట్టువి, వ్యక్తివి కావు అన్న మీ వాదనలో కొంత న్యాయముంది. అయితే ఫైనల్లో ఒక రిసీవర్ ఏం చేశాడన్నది వ్యక్తి లెక్కే కదా. 2013 ఫైనల్ రెజైనాలో, సస్కాచెవాన్ సొంత మైదానంలో జరిగింది. అప్పటికి సైమన్‌కు 38 ఏళ్లు. లయన్స్ అతన్ని ఇక చాలనుకుని ఆ ఏడాది మొదట్లో వదిలించుకున్నారు. అలాంటి ఆటగాడు ఆ రాత్రి రెండు టచ్‌డౌన్లు చేశాడు, జట్టు 45-23తో హామిల్టన్‌ను ఓడించింది. వయసు మీద పడిన రిసీవర్ అంత పెద్ద వేదిక మీద అలా ఆడటం నేను ఇంకెక్కడా చూడలేదు. టచ్‌డౌన్ చేసిన ప్రతిసారీ చొక్కా రెండు చేతులతో విప్పుతున్నట్టు సైగ చేసేవాడు కాబట్టి అతన్ని సూపర్‌మ్యాన్ అనేవారు. ఆ రాత్రి ఆ పేరు అతనికి సరిగ్గా సరిపోయింది.

ఇంకొక మాట. 2011లో లయన్స్ మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అక్కడి నుంచి లేచి, సొంత మైదానంలో విన్నిపెగ్‌ను 34-23తో ఓడించి కప్పు గెలిచారు. అలాంటి ఏడాదిలో డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక సీనియర్ ఆటగాడి పాత్ర ఎంతో అంకెలు చెప్పవు. కప్పును పూర్తిగా పక్కన పెట్టేస్తే ఆ పాత్రను కూడా పక్కన పెట్టినట్టే అవుతుంది.

బో ఒడ్డు (కాల్గరీ):

మీరిద్దరూ వాదించుకుంటూ అసలు మనిషిని వదిలేశారు. అలెన్ పిట్స్ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

పిట్స్ 1990 నుంచి 2000 వరకు, 11 సీజన్లు, కాల్గరీకి ఆడాడు. 966 క్యాచ్‌లు, 14,891 గజాలు, 117 టచ్‌డౌన్లు. మొత్తాలు చూస్తే స్టీగాల్, సైమన్‌ల కంటే కాస్త వెనక. కానీ వారు ఆడిన ఏళ్లెన్నో చూడండి. పిట్స్ సీజన్‌కు సగటున 1,354 గజాలు సాధించాడు. సైమన్ 15 సీజన్లలో సగటున 1,090, స్టీగాల్ 14 సీజన్లలో 1,082. తేడా చిన్నది కాదు. ఏడాదికి 260 గజాల పైమాట. 1994లో అతను ఒక్క సీజన్లో 2,036 గజాలు చేశాడు. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. 1992లో ఒకటి, 1998లో మరొకటి, రెండు గ్రే కప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి ఎర్రనది గారికి ఎదురైన ఇబ్బంది నాకు లేదు.

దీర్ఘకాలం ఆడటం గొప్పే. అయితే అత్యుత్తముడు ఎవరన్న ప్రశ్నకు, ఎవరు ఎక్కువ కాలం నిలిచారన్నది జవాబు కాకూడదు. ప్రతి సీజన్ ఆరంభంలో ప్రత్యర్థి కోచ్‌లు ఎవరిని చూసి ఎక్కువ కంగారు పడ్డారన్నదే నాకు ముఖ్యం. 1990ల్లో ఆ పేరు పిట్స్‌దే.

నాలుగో డౌన్ (డల్లస్):

నేను అమెరికాలో ఎన్‌ఎఫ్ఎల్ చూసేవాడిని. ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను కానీ రెండు సందేహాలున్నాయి. మొదటిది, మీరు చెబుతున్న ముగ్గురూ వైడ్ రిసీవర్లేనా? పాత జాబితాల్లో వీరిని స్లాట్‌బ్యాక్‌లు అని రాయడం చూశాను. రెండోది, కెనడాలో రిసీవర్లు బంతి కదలకముందే పరుగు అందుకోవచ్చని, మైదానం కూడా పెద్దదని విన్నాను. అలాంటప్పుడు ఈ గజాలన్నీ నియమాల చలవే తప్ప మనుషుల గొప్పతనం కాదని ఎవరైనా అంటే మీ జవాబు ఏమిటి? కించపరచడానికి అడగడం లేదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

ఎర్రనది (విన్నిపెగ్):

నాలుగో డౌన్ గారూ, మంచి ప్రశ్న అడిగారు. ముందు మీకు చెప్పి, తర్వాత మిగిలిన ఇద్దరి దగ్గరికి వస్తాను.

కెనడా ఆటలో జట్టుకు 12 మంది. మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. ఎండ్ జోన్ ఒక్కొక్కటి 20 గజాల లోతు. పది గజాలు దాటడానికి అమెరికాలో నాలుగు డౌన్లు, అంటే ప్రయత్నాలు, ఉంటే ఇక్కడ మూడే, అంటే చాలా సందర్భాల్లో రెండు ప్రయత్నాల్లోనే పని కావాలి, లేకపోతే మూడోదానికి బంతిని తన్ని అవతలివారికి అప్పగించవలసి ఉంటుంది. అందుకే ఇక్కడ పాస్ ఎక్కువ. వెడల్పు చివర నిలబడేవాడు వైడ్ రిసీవర్. అతనికీ, బంతికి ఇరువైపులా వరుసగా నిలబడే లైన్‌మెన్‌కూ మధ్య ఖాళీలో, కొన్ని గజాలు వెనక్కి నిలబడేవాడు స్లాట్‌బ్యాక్. స్టీగాల్, సైమన్‌లు ఎక్కువగా స్లాట్‌బ్యాక్‌లుగానే ఆడారు. పని మాత్రం రిసీవర్ పనే, కాబట్టి ఇక్కడ వీరిని విడదీసి చూసే అలవాటు అంతగా లేదు.

మీరు విన్న ముందు పరుగును ఇక్కడ వాగిల్ అంటారు. దాన్ని దగ్గరగా చూస్తే అది ఎంత కష్టమైన విద్యో తెలుస్తుంది. స్లాట్‌బ్యాక్, బంతి ఉంచిన గీతకు ఏడెనిమిది గజాల వెనక నుంచి కదలడం మొదలుపెడతాడు, ఒక్కోసారి పక్కకు, ఒక్కోసారి ఏటవాలుగా. క్వార్టర్‌బ్యాక్ గొంతు వింటూ, బంతి ఎప్పుడు కదులుతుందో అంచనా వేస్తూ, సరిగ్గా అది కదిలే క్షణానికి పూర్తి వేగంతో గీత దగ్గరికి చేరాలి. ఒక్క అడుగు ముందు పడితే జరిమానా. ఒక్క అడుగు వెనకపడితే ఆ వేగం వల్ల లాభం పోతుంది. ఎదురుగా ఉన్న రక్షకుడు మాత్రం నిలబడిన చోటు నుంచే వెనక్కి తిరిగి పరుగెత్తాలి. కాబట్టి నియమం రిసీవర్‌కు సాయం చేస్తుందన్నది నిజమే. అయితే ఆ సాయం లీగ్‌లోని ప్రతి రిసీవర్‌కూ ఒకటే. ఆ అవకాశాన్ని ఎవరు ఎంతగా వాడుకున్నారన్నదే మనం పోల్చవలసింది.

అక్కడే నా అసలు వాదన ఉంది. స్టీగాల్ క్యాచ్‌కు సగటున 17.7 గజాలు సాధించాడు. సైమన్‌కు 15.9, పిట్స్‌కు 15.4. స్టీగాల్ సగటున ప్రతి ఆరు క్యాచ్‌లకూ ఒక టచ్‌డౌన్ చేశాడు. పిట్స్ ఎనిమిదికి పైగా, సైమన్ పదికి ఒకటి. 1997లో విన్నిపెగ్ 18 మ్యాచ్‌లలో నాలుగే గెలిచింది. అలాంటి జట్టులో, బంతి విసిరేవాళ్ల మీద ఏమాత్రం భరోసా లేని ఏడాదిలో, ఇతను 61 క్యాచ్‌లకే 1,616 గజాలు చేశాడు. అంటే క్యాచ్‌కు 26.5. ఇలాంటి సగటును ఒకటి రెండు మ్యాచ్‌లలో ఎవరైనా సాధించవచ్చు, సీజన్ మొత్తం నిలబెట్టడం వేరు.

ఇక చూసి తీరవలసిన ఆట ఒకటుంది. 2006 జులై 20న ఎడ్మంటన్‌లో విన్నిపెగ్ 22-19తో వెనకబడి ఉంది. నాలుగు సెకన్లు మిగిలాయి. బంతి విన్నిపెగ్ సొంత పది గజాల గీత దగ్గర, అంటే ఎండ్ జోన్‌కు నూరు గజాల దూరంలో. రక్షకులందరికీ తెలిసిన విషయం ఒక్కటే: లోతుకు విసురుతారు, అది కూడా స్టీగాల్‌కే విసురుతారు. తెలిసినా ఏమీ చేయలేకపోయారు. గ్లెన్ విసిరిన బంతిని పరుగు తగ్గించకుండా అందుకుని, చుట్టుముట్టిన వారిని దాటి, గడియారంలో సమయం అయిపోయాక ఎండ్ జోన్ చేరాడు. 25-22. ఆ ఏడాది అతనికి 36 ఏళ్లు. విన్నిపెగ్‌లో పాత స్టేడియం ఉన్న ప్రాంతంలో ఒక వీధికి అతని పేరు పెట్టారు. ఒక్క కప్పు కూడా తేలేని ఆటగాడికి ఒక ఊరు ఆ గౌరవం ఇచ్చిందంటే, ప్రతి వారం కళ్లారా చూసినవారి తీర్పు అది.

ఫ్రేజర్ తీరం (సర్రే, బ్రిటిష్ కొలంబియా):

ఆరు క్యాచ్‌లకు ఒకటి, పది క్యాచ్‌లకు ఒకటి అన్న లెక్క వినడానికి బలంగా ఉంది కానీ అది కథలో ఒక వైపు మాత్రమే. మీరే చెప్పారు, ఇక్కడ మూడు డౌన్లే అని. అలాంటి ఆటలో రెండో డౌన్‌కు ఎనిమిది గజాలు కావలసినప్పుడు మధ్యలోకి దూసుకెళ్లి, ఇద్దరు రక్షకుల దెబ్బ తింటూ తొమ్మిది గజాల క్యాచ్ పట్టేవాడు జట్టును మైదానంలో నిలబెడతాడు. ఆ క్యాచ్ టచ్‌డౌన్ కాదు, సగటును కూడా తగ్గిస్తుంది, అయినా ఆ మ్యాచ్ గెలవడానికి అదే కారణం కావచ్చు. సైమన్ 1,029 క్యాచ్‌లలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. స్టీగాల్ కంటే 175 క్యాచ్‌లు ఎక్కువ పట్టాడంటే, 175 సార్లు క్వార్టర్‌బ్యాక్ అవసరంలో అతని వైపు చూశాడని అర్థం.

లయన్స్‌లో టచ్‌డౌన్లు ఒక్కరికే పోగుపడేవి కావన్నది కూడా గమనించాలి. చుట్టూ మంచి రిసీవర్లు ఉన్న జట్టులో ఎండ్ జోన్ దగ్గర బంతి ఎవరికైనా వెళ్లవచ్చు. 2002లో విన్నిపెగ్ క్వార్టర్‌బ్యాక్ ఖారీ జోన్స్ విసిరిన 46 టచ్‌డౌన్ పాస్‌లలో 23 స్టీగాల్‌వే, సరిగ్గా సగం. ఆ 23 ఒక సీజన్లో లీగ్ రికార్డు అని మీరు గర్వంగా చెబుతారు, చెప్పాలి కూడా. అయితే అది ఆటగాడి గొప్పతనంతో పాటు ఆ జట్టు ఆట కట్టిన తీరును కూడా చూపిస్తుందని ఒప్పుకోవాలి కదా.

సైమన్ తన మొదటి రెండేళ్లు, 1999, 2000 సంవత్సరాల్లో, విన్నిపెగ్‌లో స్టీగాల్ పక్కనే ఆడాడు. ఆ జట్టు తన దగ్గర ఉన్నది ఏమిటో గుర్తించలేక వదులుకుంది. లయన్స్‌కు వచ్చాకే అతను అతనయ్యాడు. ఇద్దరూ ఒకే చోట ఉన్నప్పుడు నీడలో పెరిగినవాడు, తర్వాత తన పెద్దన్నలాంటివాడి రికార్డునే దాటాడంటే ఆ ప్రయాణం ఎంత గొప్పదో ఆలోచించండి.

తూర్పు గట్టు (మాంట్రియల్):

మీ ముగ్గురి చర్చకు అడ్డు రావాలని కాదు. బెన్ కహూన్ పేరు కూడా ఒకసారి చెప్పుకోవాలని రాస్తున్నాను. మాంట్రియల్‌కు 13 సీజన్లు, 1,017 క్యాచ్‌లు, మూడు గ్రే కప్‌లు. లీగ్ నియమాల్లో అతను కెనడా ఆటగాడి కింద లెక్క, కాబట్టి జట్టు కూర్పులో అతని విలువ మిగిలిన ముగ్గురికంటే భిన్నం. ప్రతి జట్టూ ఇంతమంది స్వదేశీ ఆటగాళ్లను ఆడించి తీరాలన్న నియమం ఉన్న చోట, అమెరికన్లతో సమానంగా బంతి పట్టే కెనడా ఆటగాడు దొరకడం కోచ్‌కు పెద్ద వరం. అత్యుత్తముడని అనను. కాని అతని పేరు లేకుండా ఈ జాబితా పూర్తి కాదు.

బో ఒడ్డు (కాల్గరీ):

తూర్పు గట్టు గారి మాటతో ఏకీభవిస్తాను. ఇక నా వాదనకు ఎవరూ నేరుగా సమాధానం చెప్పలేదు. సీజన్‌కు 1,354 గజాలన్న లెక్కను మీరిద్దరూ చూసీ చూడనట్టు దాటేశారు. స్టీగాల్ గురించి చెప్పేటప్పుడు క్యాచ్‌కు సగటు, సైమన్ గురించి చెప్పేటప్పుడు మొత్తం గజాలు, ఇలా ఎవరికి అనుకూలమైన కొలత వారు తీసుకుంటున్నారు. ఒక రిసీవర్ ఒక సీజన్లో జట్టుకు ఎంత దూరం తెచ్చిపెట్టాడన్నది అన్నిటికంటే సూటి కొలత అని నా అభిప్రాయం. ఆ కొలతలో పిట్స్‌కు దరిదాపుల్లో వారిద్దరూ లేరు.

ఎర్రనది (విన్నిపెగ్):

బో ఒడ్డు గారూ, మీ లెక్క సరైనదే, దాన్ని కాదనే పని లేదు. అయితే ఆ గజాలను తెచ్చిన బంతులు ఎవరి చేతి నుంచి వచ్చాయో కూడా చూడాలి. పిట్స్‌కు బంతి విసిరినవారు డగ్ ఫ్లూటీ, జెఫ్ గార్సియా, డేవ్ డికెన్‌సన్. ఒక జట్టుకు పదేళ్లలో అలాంటి ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు వరుసగా దొరకడం లీగ్ చరిత్రలోనే అరుదు. పిట్స్ 2,036 గజాలు చేసిన 1994లో కూడా మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ బహుమతి అతనికి రాలేదు. అతనికి బంతి విసిరిన ఫ్లూటీకి వచ్చింది. ఆ సీజన్‌ను కళ్లారా చూసినవారే ఆ గజాల్లో ఎక్కువ భాగం ఫ్లూటీ ఖాతాలో వేశారు. స్టీగాల్‌ది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఖారీ జోన్స్ 2001లో ఆ బహుమతి గెలుచుకున్నాడు. మరుసటి ఏడాది, అదే జోన్స్ 46 టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన ఏడాది, ఓటు వేసినవారు బహుమతిని క్వార్టర్‌బ్యాక్‌కు కాక రిసీవర్‌కు ఇచ్చారు. ఫ్రేజర్ తీరం గారు ఆ 46లో సగం జట్టు ఆట కట్టిన తీరు వల్లే అంటున్నారు. ఆ కాలంలో ఆటను దగ్గరగా గమనించిన విలేఖరులు అలా అనుకోలేదన్నదానికి ఆ బహుమతే సాక్ష్యం.

సైమన్ విషయంలోనూ ఇదే అడుగుతాను. పిట్స్‌తో కాల్గరీలో ఆడిన డికెన్‌సనే తర్వాత వాంకూవర్‌కు వచ్చి సైమన్‌కు బంతి విసిరాడు. 2006 గ్రే కప్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే. తర్వాత ట్రావిస్ లూలే వచ్చి 2011లో మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ అయ్యాడు. అంటే సైమన్ లయన్స్‌తో గెలిచిన రెండు కప్పుల్లోనూ క్వార్టర్‌బ్యాక్ ఆ స్థాయివాడు. స్టీగాల్‌కు 2007 ఫైనల్లో దొరికింది లీగ్‌లో మొదటిసారి ఒక మ్యాచ్‌ను ఆరంభం నుంచి ఆడిన కుర్రాడు. ఆ ఓటమిని స్టీగాల్ లెక్కలో రాయడం న్యాయం కాకపోతే, ఆ రెండు కప్పులను సైమన్ లెక్కలో రాయడం కూడా అంతే.

ఇంక రెండో డౌన్ క్యాచ్‌ల గురించి. క్యాచ్‌కు 17.7 గజాలంటే, సగటున స్టీగాల్ పట్టిన ప్రతి బంతీ కొత్త డౌన్లను తెచ్చిపెట్టేంత దూరం వెళ్లిందన్నమాట. జట్టును మైదానంలో నిలబెట్టడమే కొలత అయితే అందులో అతను వెనకబడినవాడేమీ కాదు.

నాలుగో డౌన్ (డల్లస్):

వివరించినందుకు కృతజ్ఞతలు. వాగిల్ గురించి చదివాక కొన్ని పాత ఆటలు వెతికి చూశాను. గీత దగ్గరికి చేరే ఆ చివరి రెండు అడుగుల్లో స్టీగాల్ వేగం మారే తీరు మాటల్లో చెప్పినదానికంటే ఎక్కువగా ఉంది. ఒక చిన్న విషయం చేర్చాలి. 2027 నుంచి కెనడా మైదానాన్ని నూరు గజాలకు, ఎండ్ జోన్లను 15 గజాలకు తగ్గిస్తున్నట్టు లీగ్ 2025లో ప్రకటించింది. అది అమలయ్యాక, సొంత పది గజాల గీత దగ్గర మొదలయ్యే ఆట ఏదైనా తొంభై గజాలకే ముగుస్తుంది. అప్పుడు ఈ రికార్డులను తర్వాతి తరం ఆటగాళ్లతో పోల్చడం మరింత కష్టం కాదా?

ఫ్రేజర్ తీరం (సర్రే, బ్రిటిష్ కొలంబియా):

కష్టమే. ఆ మార్పు పట్ల నాకు చాలా అసంతృప్తి ఉంది. కాని అది వేరే చర్చకు తగిన విషయం.

ఎర్రనది గారూ, కప్పుల విషయంలో ఇద్దరికీ ఒకే న్యాయం ఉండాలన్న మీ మాటను నేను అంగీకరిస్తున్నాను. స్టీగాల్‌కు 2007 మచ్చ కాదు. అయితే అదే న్యాయం ప్రకారం 2013ను మాత్రం సైమన్ నుంచి తీసేయలేరు, ఎందుకంటే అక్కడ నేను చూపిస్తున్నది జట్టు గెలుపును కాదు, ఫైనల్లో అతను స్వయంగా చేసిన రెండు టచ్‌డౌన్లను. మీరు గ్రే కప్‌లో స్టీగాల్ ఆడిన అలాంటి ఆట ఒక్కటి చూపిస్తే నేను ఆలోచిస్తాను. జులై నెలలో ఎడ్మంటన్‌లో జరిగిన అద్భుతం అద్భుతమే, కాని అది లీగ్ దశలో ఒక మ్యాచ్.

ఎర్రనది (విన్నిపెగ్):

రెండే ఫైనల్స్ ఆడినవాడిని, రెండిటిలోనూ ఓడిన జట్టులో ఉన్నవాడిని, ఫైనల్ ప్రదర్శన చూపించమని అడుగుతున్నారు. 2001లో విన్నిపెగ్ బంతిని అప్పగించడానికి తన్నిన తన్నును (పంట్‌ను) ప్రత్యర్థి అడ్డుకుని టచ్‌డౌన్ చేసింది. దానికీ రిసీవర్‌కూ సంబంధం లేదు. 2007లో బంతి సరిగ్గా చేరలేదు. ఈ రెండు రాత్రుల మీద 14 సీజన్లను తూచడం నాకు సరైనదిగా కనిపించదు. 2013 గురించి మీరు చెప్పింది మాత్రం నిజం. ఆ ఆట సైమన్‌ది, దాన్ని ఎవరూ తగ్గించలేరు.

నా అభిప్రాయం మారలేదు. గజాలు ఎక్కువ కావాలంటే సైమన్, ఒక్క సీజన్ ఉధృతి కావాలంటే పిట్స్. రిసీవర్ పని చివరికి ఎండ్ జోన్ చేరడమే అయితే, లీగ్‌లో ఎవరూ 147 చేరుకోలేదు. క్యాచ్‌ల రికార్డు సైమన్ నుంచి కాల్గరీ, మాంట్రియల్ జట్లకు ఆడిన నిక్ లూయిస్ చేతికి పోయింది, గజాల రికార్డు సైమన్ చేతికి పోయింది. 2008లో స్టీగాల్ ఆట మానేసినప్పటి నుంచి ఈ ఒక్కటి కదలలేదు. దాన్ని దాటేవాడు వచ్చిన రోజున ఈ చర్చను మళ్లీ తెరుద్దాం.